కొటేషన్ తర్వాత ఏం రాస్తారు?

2015 జులైలో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చినప్పుడు మీలో చాలామంది స్కూల్లో ఉండుంటారు. చివర్లో కట్టప్ప ఒక్క మాట చెప్పాడు, తెర పడిపోయింది. రెండో భాగం 2017 ఏప్రిల్‌లో గానీ రాలేదు. మధ్యలో ఉన్న ఆ 21 నెలలూ జనం ఏం చేశారో గుర్తు చేసుకోండి. బస్సుల్లో, ట్యూషన్ సెంటర్ల బయట, పెళ్లి భోజనాల పంక్తిలో తలా ఒక కథ అల్లారు. ఎవరో ఆజ్ఞాపించారని కొందరు, అసలు చంపనే లేదని ఇంకొందరు. ఎవరూ అల్లమని అడగలేదు. మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. అయినా నోరున్న ప్రతివాడూ రచయితే అయ్యాడు.

మరి అందులో కాగితం మీదికి వచ్చినవి ఎన్ని? జోకులు, మీమ్స్ తీసేస్తే చాలా తక్కువ. అన్ని లక్షల ఊహలు గాల్లో కలిసిపోయాయి. అభిమానం ఉంది, ఊహ ఉంది. కూర్చుని రాసే అలవాటు ఒక్కటే లేదు. ఉద్యోగాల వేటలో ఉన్న మీతో ఈ పేజీలో దీని గురించి ఎందుకు మాట్లాడుతున్నానంటే, రేపు పరీక్ష హాల్లోనో ఇంటర్వ్యూ టెస్టులోనో ఒక్క వాక్యం ఇచ్చి ‘రాయండి’ అంటే మనలో ఎక్కువమంది బిగుసుకుపోయేది సరిగ్గా అక్కడే.

కొటేషన్లకు మనకేమీ లోటు లేదు. వాట్సాప్ స్టేటస్‌లో ఒకటి, ఫేర్‌వెల్ బ్యానర్ మీద ఒకటి, లింక్డిన్ ప్రొఫైల్‌లో ఒకటి. వ్యాసం మొదట ఒకటి, చివర ఒకటి. గుమ్మానికి మామిడాకులు కట్టినట్టు కట్టేస్తాం. పండగ అయిపోయాక వాటి వంక ఎవరూ చూడరు. కొటేషన్‌కి ఇంకో ఉపయోగం ఉంది. దాన్ని అతికించకుండా, అది ఆగిన చోటు నుంచి మనం మొదలుపెట్టడం. ఈ పని వందేళ్లకు పైగా ఓపిగ్గా చేస్తూ వస్తున్నవాళ్లు షెర్లాక్ హోమ్స్ అభిమానులు.

గొడుగు కోసం లోపలికి వెళ్లిన మనిషి

ఆర్థర్ కోనన్ డోయల్ హోమ్స్ మీద రాసినవి 56 కథలు, 4 నవలలు. వీటిలో ఆయనకు ఒక అలవాటు ఉంది. వాట్సన్ ఒక కేసు చెబుతూ చెబుతూ, మధ్యలో ఇంకేదో కేసు పేరు ఒక్క వాక్యంలో అని వదిలేస్తాడు. దాని కథేంటో ఎప్పటికీ చెప్పడు. 1924లో వచ్చిన ‘ససెక్స్ వాంపైర్’ కథలో సుమత్రాకు చెందిన ఒక రాక్షస ఎలుక సంగతి అలాగే వస్తుంది. వచ్చి, అంతే, పోతుంది. 1922లో వచ్చిన ‘థోర్ బ్రిడ్జ్’ కథ మొదట్లోనైతే ఒక బ్యాంకులో దాచిన రేకు పెట్టె, దాని నిండా చెప్పని కేసుల కాగితాలు ఉన్నాయంటాడు. అందులో ఒకటి జేమ్స్ ఫిల్లిమోర్ అనే ఆయనది. గొడుగు తెచ్చుకుందామని తన ఇంట్లోకే తిరిగి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన్ను చూసినవాళ్లు లేరు.

కొంచెం ఆగి ఈ వాక్యాన్ని విప్పి చూడండి. ఒక మనిషి, ఆయనకో పేరు. ఒక మామూలు వస్తువు, గొడుగు. అంటే ఆ రోజు వానో, వాన వచ్చేలా మబ్బో ఉండాలి. ఇల్లు ఆయనదే, కాబట్టి ప్రతి తలుపూ తెలుసు. బయట ఎవరైనా ఎదురుచూస్తున్నారా? తెలీదు. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? తెలీదు. గొడుగు మాత్రం దొరికిందా? అదీ తెలీదు. ఇరవై మాటలు కూడా లేని వాక్యంలో పది ప్రశ్నలు. మీ బుర్ర ఇప్పటికే ఏదో ఒక జవాబు వెతుకుతూ ఉంటుంది. వద్దన్నా ఆగదు.

దీని నుంచి ఎన్ని కథలు పుట్టాయో చూడండి. 1943లో అమెరికా రేడియోలో ఎల్లరీ క్వీన్ ధారావాహికలో ఫిల్లిమోర్ మాయమవడం మీదే ఒక నాటకం వచ్చింది. 1954లో డోయల్ కొడుకు ఏడ్రియన్, డిటెక్టివ్ నవలల రచయిత జాన్ డిక్సన్ కార్ కలిసి ఇలా వదిలేసిన వాక్యాలు ఏరుకుని 12 కథల పుస్తకం తెచ్చారు. అందులో గొడుగు మనిషికి మనుషులు చేయగలిగిన, తర్కానికి నిలిచే పరిష్కారం ఇచ్చారు. 1975లో ఫిలిప్ హోసే ఫార్మర్ అదే వాక్యాన్ని తీసుకుని సైన్స్ ఫిక్షన్ చేసేశాడు, ఏకంగా గ్రహాంతరవాసిని దింపాడు. ముగ్గురూ మొదలుపెట్టింది ఒకే వాక్యం దగ్గర, చేరింది మూడు వేర్వేరు ఊళ్లకు. పేరులేని అభిమానులు తమ క్లబ్బు పత్రికల్లో, తర్వాత ఇంటర్నెట్‌లో రాసినవి వీటికి అదనం.

ఈ అభిమానులేమీ చదువు మానేసి తిరిగినవాళ్లు కాదు సుమా. 1911లో రోనాల్డ్ నాక్స్ అనే మేధావి హోమ్స్ కథల్ని మతగ్రంథాన్ని పరిశీలించినంత సీరియస్‌గా, లోలోపల నవ్వుకుంటూ, పరిశీలించి వ్యాసం చదివాడు. 1934లో క్రిస్టఫర్ మోర్లే న్యూయార్క్‌లో ‘బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్’ అనే సంఘం పెట్టాడు. అందులో లాయర్లు, డాక్టర్లు, సంపాదకులు అందరూ ఉన్నారు. పగలు ఉద్యోగం, రాత్రి గొడుగు మనిషి.

మూసేసిన వాక్యం, తెరిచి ఉన్న వాక్యం

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. మన హాస్టల్ గోడల మీద ఉండే కొటేషన్లు ఎక్కువగా తీర్పులు. కష్టపడితే ఫలితం ఉంటుంది, ఓడిపోవడం తప్పు కాదు, ఇలాంటివి. అవి అబద్ధాలని నేననను. కానీ అవి చెప్పాల్సింది చెప్పేసి తలుపు వేసేశాయి. వాటి తర్వాత మీరు రాసేదల్లా ‘అవును, నిజమే’ అన్న దానికి నాలుగు పేజీల పొడిగింపు. గొడుగు వాక్యం అలా కాదు. తలుపు సగం తెరిచి పెట్టి వెళ్లిపోయింది. అభిమాన బృందాలు రాయడానికి వాక్యాలు ఎంచుకునేటప్పుడు వెతికేది ఇలాంటి వాటినే. ఎవరో ఏదో చేయబోతూ ఉండాలి, చేతిలో ఒక వస్తువుంటే మరీ మంచిది, ముఖ్యమైన సంగతి ఒకటి మిస్సవ్వాలి.

మరి తీర్పు లాంటి వాక్యమే చేతికొస్తే? దాన్ని కూడా తెరవచ్చు. ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటే అబద్ధమవుతుంది అని అడగండి. ‘కష్టపడితే ఫలితం’ అనే మాట మూడేళ్లుగా నోటిఫికేషన్ కోసం అశోక్‌నగర్‌లో గది అద్దె కడుతున్న కుర్రాడితో వాళ్ల బాబాయి అన్నాడనుకోండి. వాక్యం అదే. ఇప్పుడు అందులో కథ ఉంది.

ఇదంతా పరాయి సరుకని అనుకోకండి. అవధానంలో సమస్యాపూరణం చూశారా? పృచ్ఛకుడు పద్యంలో ఒక పాదం, సాధారణంగా చివరిది, ఇస్తాడు. వినగానే అది అర్థం లేనట్టో, అనకూడనిది అన్నట్టో ఉంటుంది. మిగతా మూడు పాదాలూ అవధాని అల్లి, ఆ పిచ్చి పాదానికి చక్కని అర్థం తెప్పిస్తాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన రోజుల్లో జనం గుమిగూడింది ఈ గమ్మత్తు కోసమే. ఆ తర్వాత ఆకాశవాణి సమస్య ఇస్తే శ్రోతలు పూరించి ఉత్తరాలు పంపేవారు. టీచర్లు, గుమాస్తాలు, ఇంట్లో ఉండే అమ్మమ్మలు అందరూ రాసేవారు. ఇచ్చిన ఒక్క ముక్క, దాని చుట్టూ రాసే గుంపు, వినడానికి కాచుకున్న జనం. హోమ్స్ అభిమానుల లెక్కా ఇదే. మన దగ్గర ఛందస్సు రావాలి, అక్కడ రానక్కర్లేదు, అంతే తేడా.

221 మాటలు, చివర ‘బ’

హోమ్స్ ఇంటి నంబర్ 221బి కదా. దాన్ని పట్టుకుని అభిమానులు ఒక ఆట కనిపెట్టారు. కథ సరిగ్గా 221 మాటలుండాలి, చివరి మాట ‘బి’ అక్షరంతో మొదలవ్వాలి. అంతకుముందే ‘డ్రాబుల్’ అని ఇంకోటి ఉంది. బ్రిటన్‌లో 1980ల సైన్స్ ఫిక్షన్ అభిమానుల దగ్గర మొదలైంది, సరిగ్గా 100 మాటలు. 99 రాసినా 101 రాసినా ఒప్పుకోరు.

చిన్నపిల్లల ఆటలా ఉంది కదా? ఒకసారి రాసి చూడండి, తెలుస్తుంది. మొదటి డ్రాఫ్ట్ 170 మాటలొస్తుంది. 70 తీసేయాలి. ఏవి తీయాలో తేల్చుకోవడమే అసలు చదువు. ‘అనే విషయాన్ని’, ‘చేయడం జరిగింది’ లాంటివి ముందు ఎగిరిపోతాయి. రెజ్యూమె పైన రాసే నాలుగు లైన్లకు, మేనేజర్‌కు పంపే మెయిల్‌కు, బగ్ రిపోర్టుకు కావాల్సింది ఇదే కత్తెర.

తెలుగులో ఈ ఆటకు ఇంకో తమాషా ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి చివరి మాట ‘బ’తో మొదలవ్వాలంటే బయల్దేరాడు, బతికింది, బెదిరారు, బయటపడ్డాయి... ఇలా కథలో చివరి పని ఏంటో అక్షరమే నిర్ణయించేస్తుంది. మాటల లెక్క కూడా మనకు లాభమే. ‘వస్తున్నాను’ మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో మూడు. అదే 221లో మనం ఎక్కువ కథ పట్టించవచ్చు. (పెద్ద సమాసాలు కట్టి మోసం చేయొచ్చని ఇప్పటికే ఎవరికో ఆలోచన వచ్చి ఉంటుంది. బృందంలో ఒకరు దాన్ని పట్టుకోవడానికే ఉంటారు.)

ఇక పరీక్షల సంగతి. సివిల్స్ మెయిన్స్‌లో ఎస్సే పేపర్ 250 మార్కులు. మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి 1000 నుంచి 1200 మాటలు. ఈమధ్య సంవత్సరాల పేపర్లు తీసి చూడండి, టాపిక్‌లు ఎక్కువగా ఒక్క వాక్యం కొటేషన్లే, లేదా కొటేషన్ లాంటివే. ‘భారత వ్యవసాయం: సవాళ్లు’ అని ఇచ్చే రోజులు దాదాపు పోయాయి. కోచింగ్ మెటీరియల్లో 500 కొటేషన్లు కంఠస్థం చేసినవాళ్లకు కూడా అక్కడ చేతులాడవు. ఎందుకంటే వాళ్లు నేర్చుకుంది కొటేషన్ ఎక్కడ అతికించాలో. పేపర్ అడిగేది కొటేషన్ నుంచి ఎక్కడికి వెళ్తారో. వ్యాసం, కథ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ తెలియని వాక్యం ముందు కూర్చుని, భయపడకుండా దానికి పది ప్రశ్నలు వేసే అలవాటు రెండింటికీ ఒకటే. ఆ అలవాటు మాక్ టెస్టులు రాస్తే రావడం కష్టం. వారం వారం ఆడితే వస్తుంది.

‘ఇదంతా ఎందుకన్నా, వాక్యం చాట్‌జీపీటీకి ఇస్తే రాసేస్తుందిగా’ అంటారు. రాస్తుంది, వాదించను. ఒక పని చేయండి. మీ గదిలో నలుగురూ గొడుగు మనిషి సంగతి దానికే ఇచ్చి కథలు రాయించండి. తర్వాత మీరు నలుగురూ విడివిడిగా 100 మాటలు రాయండి. ఎనిమిదీ కలిపి, పేర్లు తీసేసి, ఐదో వాడికి చదవమనండి. ఏ కథ ఎవరిదో ఎన్నింటికి చెప్పగలిగాడో చూడండి. అనంతపురం వాడి కథలో గొడుగు ఎండకు వాడతారు, కాకినాడ వాడి కథలో తుపానుకు. కవర్ లెటర్ చదివే మనిషి వెతికేదీ అదే, వందలో ఒకటైనా ఫలానా మనిషి రాసినట్టు ఉందా అని. ఇంకో మాట, ‘ప్రాంప్ట్’ అన్న పదం ఏఐ రాకముందే ఈ బృందాల్లో చాలా మామూలు మాట. రాయమని మనిషి మనిషికి ఇచ్చే చిన్న తోపుడు. ఇప్పుడు మనం దాన్ని మెషీన్‌కి ఇచ్చేసి, మనకు మనం ఇచ్చుకోవడం మానేశాం.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇందులో ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. ఫ్యాన్‌ఫిక్షన్‌కు ఇవాళ పెద్ద నిలయం ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’. 2009లో అందరికీ తెరిచారు, ఇప్పుడు కోటికి పైగా రచనలున్నాయి, 2019లో హ్యూగో అవార్డు వచ్చింది. ప్రకటనలు లేవు, నడిపేది వాలంటీర్లు. దాని కోడ్ రూబీ ఆన్ రెయిల్స్‌లో, ఓపెన్ సోర్స్. వాక్యాలిచ్చి కథలు రాయించే ‘ప్రాంప్ట్ మీమ్’ పోటీలు పెట్టుకోవడానికి అందులోనే ఏర్పాటు ఉంది, అంటే ఈ ఆట నియమాలు సాఫ్ట్‌వేర్‌గా మారిపోయాయి. దాని వెనకున్న సంస్థ స్థాపకుల్లో ఒకరు నయోమీ నోవిక్. ఆమె కంప్యూటర్ సైన్స్ చదివి, వీడియో గేమ్‌కు ప్రోగ్రామర్‌గా పనిచేసి, ఫ్యాన్‌ఫిక్షన్ రాస్తూ నవలా రచయిత్రి అయ్యారు, ‘అప్‌రూటెడ్’ నవలకు నెబ్యులా అవార్డు కూడా అందుకున్నారు. ఫ్యాన్‌ఫిక్షన్ రాస్తే మీకూ ఇలా జరుగుతుందని చెప్పను. రాయడం, కోడింగ్ రెండు వేర్వేరు గదులని మన కాలేజీలు నేర్పేది మాత్రం నిజం కాదు.

అక్కడి పద్ధతుల్లో రెండు నాకు బాగా నచ్చాయి. 2003 నుంచి ఏటా డిసెంబరులో జరిగే ‘యూల్‌టైడ్’లో ఒకరు ఏం కావాలో అడుగుతారు, వేరొకరు వాళ్ల కోసం కనీసం 1000 మాటల కథ రాసి బహుమతిగా ఇస్తారు. రాసింది ఎవరో కొన్నాళ్ల వరకు చెప్పరు. పేరు లేకపోవడంతో మొహమాటం పోతుంది, ఎవరో ఎదురుచూస్తున్నారన్న బెంగతో గడువు నిలబడుతుంది. రెండోది ‘బీటా’. కథ బయటికి వెళ్లేముందు చదివి తప్పులు చెప్పే మనిషి. ఆ పేరు సాఫ్ట్‌వేర్ బీటా టెస్టింగ్ నుంచే వచ్చింది. మనం ప్రాజెక్టు రిపోర్టుని టెస్టింగ్ లేకుండా నేరుగా స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చేస్తాం చూడండి, అక్కడ అలా కుదరదు.

మీ హాస్టల్లో, మీ గ్రూపులో మొదలుపెట్టాలనుకుంటే ముందు వాక్యం ఎక్కడిదో తేల్చుకోండి. కలాం పేరుతో, ఐన్‌స్టీన్ పేరుతో తిరిగే వాటిలో వాళ్లు ఎప్పుడూ అననివి బోలెడు. హోమ్స్ అనగానే గుర్తొచ్చే, వాట్సన్‌ను ‘ఎలిమెంటరీ’ అంటూ పలకరించే ఆ ప్రసిద్ధ వాక్యమే డోయల్ రాసిన 60 రచనల్లో ఎక్కడా ఆ రూపంలో లేదు. రచయిత, పుస్తకం, సంవత్సరం ఈ మూడూ రాయలేకపోతే ఆ వాక్యం వాడొద్దు. ఇది ఎస్సే పేపర్‌కూ వర్తిస్తుంది.

తర్వాత కాపీరైట్. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. డోయల్ 1930లో పోయారు, మనకు ఏ అడ్డూ లేదు. గురజాడ 1915లో పోయారు. ‘కన్యాశుల్కం’ చివర తెర పడ్డాక గిరీశం ఎటు వెళ్లాడో ఆయన చెప్పలేదు, మీరు చెప్పొచ్చు. శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన వాటిపై చట్టం లెక్కన 2043 చివరి దాకా హక్కులుంటాయి. ఆయన పంక్తి చదివి స్ఫూర్తి పొంది మీ సొంత కథ రాసుకోవడానికి ఎవరూ అడ్డు రారు. ఆ పంక్తుల్నే మీ పుస్తకంలో పేజీలకొద్దీ దించి అమ్మడం వేరే సంగతి.

వారానికి ఒక్క వాక్యం చాలు. ఎంచే పని రోజూ ఒకరికే వద్దు, వంతులవారీగా తిరగనివ్వండి. లేకపోతే అన్నీ ఒకరి రుచికే పోతాయి. ఇచ్చిన వాక్యం కథలో కనిపించాలన్న నియమం పెట్టకండి, దాని నీడ ఉంటే చాలు. మాటల పరిమితి మాత్రం కచ్చితంగా ఉండాలి, గడువూ ఉండాలి. చదివినవాళ్లు ‘సూపర్’ అని వదిలేయడానికి వీల్లేదు. ఎక్కడ ఆగిపోయారో ఒక చోటు చూపించాలి. తెలుగులో రాయండి, ఇంగ్లీషులో రాయండి, కలిపి రాయండి. సినిమా అభిమానులైతే మీ హీరో పాత్రల్నే పట్టుకోండి, కటౌట్ కట్టే ఓపికలో పదో వంతు సరిపోతుంది. నాలుగు నెలలు నడిస్తే అది రెజ్యూమెలో హాబీ కాలమ్‌లో పడే సరుకు కాదు. ఇంతమందితో, ఇన్ని వారాలు, ఇన్ని రచనలు గడువులోగా తెప్పించి ఎడిట్ చేశానని ప్రాజెక్టుల కింద అంకెలతో రాయొచ్చు. అడిగితే చూపించడానికి ఫైలూ ఉంటుంది.

గ్రూపులో పదిమంది ‘నేనూ ఉన్నా’ అని బొటనవేలు పెడతారు. మొదటి వారం ముగ్గురే రాస్తారు. మిగతా ఏడుగురి కోసం ఆగకండి, ఆ ముగ్గురితోనే రెండో వాక్యం ఇచ్చేయండి.